తొడిమ దగ్గరి ముక్క

మా ఆవిడకి ఒక అలవాటు ఉండేది. దోసకాయ, బీరకాయ, సొరకాయ, ఈ మూడింటిలో ఏది చేతికొచ్చినా ముందు తొడిమ దగ్గర చిన్న ముక్క చెక్కి నోట్లో వేసుకునేది. నమిలి, ఒక్క క్షణం ఆగి, 'ఊఁ' అని తల ఊపాకే మిగతా కాయ మీద కత్తి పడేది. చేదు తగిలితే సింకులో ఉమ్మేసి, కాయ ఎంత లేతగా ఉన్నా చెత్తబుట్టలో వేసేది. వాళ్ళ అమ్మ అలా చేసేదట, ఆవిడని చూసి ఈమె నేర్చుకుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను ఆ తంతు చూస్తూనే ఉన్నాను. మిద్దె మీద తోట పెట్టాక, మన తోట కాయలకి ఆ పరీక్ష అక్కర్లేదని నేనే మానిపించాను.

ఆమె ఇప్పుడు లేదు. ఎలా పోయిందో చుట్టాలందరికీ ఒక్క ముక్కలో చెప్పాం, కడుపులో ఏదో పడలేదని. అది అబద్ధం కాదు. కానీ నిజం అంత పొట్టిగా ఉండదు, అందుకే ఇది రాస్తున్నాను.

మేము మియాపూర్‌లో ఉంటాం. అయిదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్, మాది పై ఫ్లాటు. ఆమెది ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, పొద్దున్నే మెట్రో ఎక్కి వెళ్ళేది. నాది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని. వేరేవాళ్ళు రాసిన దాంట్లో తప్పులు వెతికిపెట్టడం. ఇరవై ఏళ్ళు అదే చేసీ చేసీ ఇంట్లో కూడా ఎవరు ఏం మాట్లాడినా ముందు తప్పు వెతకడం మరిగాను. నా తప్పు మాత్రం ఎవరైనా చూపిస్తే అన్నం మానేసేంత కోపం. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి వెళ్ళిపోయాక, ఆ కోపం చూపించడానికి ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

తోట పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే. మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తేలికపాటి ఇటుకలతో నడుమెత్తు మడులు ఆరు కట్టించాను. నేల మీద నీళ్ళు నిలవకుండా వాటి కింద దిమ్మెలు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన పేడ ఎరువు, వేపపిండి కలిపి నింపాం. 'నింపాం' అన్నాను గానీ, మట్టి బస్తాలు అయిదంతస్తులూ మోసింది వాచ్‌మన్ భార్య. లిఫ్టులో మట్టి పడుతుందని అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళది పాలమూరు వైపు. మొగుడు గేటు దగ్గర, ఆమె మెట్లు కడుగుతూ, కింద సెల్లార్‌లో ఒక గదిలో ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాళ్ళు. మట్టి మోసినందుకు కూలి తీసుకుంది. దానికి మించి ఏదో ఒకటి ఇవ్వాలనిపించి, ఏ మొక్కకైనా తొలికాయ నీదే అని మాటిచ్చాను. ఒక్క నెల తప్ప ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

పురుగు మందుల వాసన పడనివ్వకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాను. చిక్కుడు తీగకి పేనుబంక పట్టింది. నల్లగా, మసి పూసినట్టు. వేపనూనె నీళ్ళలో కలవదు కదా, కుంకుడు రసంలో గిలక్కొట్టి, సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా కొట్టాను. మూడు రోజులకోసారి, నాలుగు విడతలు. మందారాల మీద పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటీ గీకాను. బెండకి జిగురు పూసిన పసుపు అట్టలు కట్టాను, టమాటా చుట్టూ బంతి నాటాను, పుల్లటి మజ్జిగ బకెట్లకి బకెట్లు పోశాను. మజ్జిగ వాసనకి కింది ఫ్లాటు వాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. మా ఆవిడ మాత్రం, "ఏవండీ, పెరుగు తోడేస్తోంది మనం తినడానికా, మీ వంకాయలు తాగడానికా?" అని నవ్వేది.

సొరపిందెలకి పండు ఈగ బెడద. పిందె కాస్త పెరగ్గానే గుచ్చి గుడ్లు పెట్టేస్తుంది, కాయ వంకర తిరిగి కుళ్ళిపోతుంది. పిందె పడ్డ రోజునే గుడ్డ సంచి తొడిగితే చాలని నేను వెళ్ళే తోటల గ్రూపులో ఒక పెద్దాయన చెప్పాడు. మా ఆవిడ తన పాత నేత చీరలు రెండు కోసి, ఆదివారమంతా మిషను మీద కూర్చుని పొడుగు పొడుగు సంచులు కుట్టింది. నోటికి నాడా ఎక్కించింది. ఒకటి నీలం మీద తెల్ల చుక్కలది, ఒకటి ఆవపువ్వు రంగుది. పందిరికి ఆ సంచులు వేలాడుతుంటే కింద రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు.

తోట కాసింది. నిజంగానే కాసింది. నా పొగరు కూడా దానితో పాటే కాసింది. ఆఫీసులో క్యాంటీన్ కూర చూసి విషం అనేవాడిని. కూరగాయల బండి దగ్గర నిలబడ్డ పక్కింటావిడకి మందుల గురించి అరగంట క్లాసు పీకాను. ఒకసారి మా టీములో ఒకతనికి టమాటాలు ఇస్తే, బాగా పుల్లగా ఉన్నాయి సార్ అన్నాడు. వారం రోజులు అతనితో ముఖం తిప్పుకుని మాట్లాడాను. మరోసారి వాచ్‌మన్ భార్య, "వంకాయల్ల పురుగులున్నయి సార్, సగం తీసేసిన" అంది. ఉన్నమాటే అంది. మెట్ల మీదే ఆమెని నిలబెట్టి, మందు కొట్టని కాయలోనే పురుగు ఉంటుందనీ, పురుగు తినగలిగిందే మనమూ తినగలమనీ, నీకు విలువ తెలియదనీ గట్టిగా అన్నాను. చేతిలో చీపురుతో తల వంచుకుని నిలబడింది. నెల్లాళ్ళు ఆమెకి ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ ఇస్తే, ఏది ఇచ్చినా మంచిగున్నది సార్ అనేది. నాకు అదే కావాల్సింది.

మా ఆవిడ మొదటిసారి మా సొరకాయ కోసిన రోజు కూడా అంతే. అలవాటుగా తొడిమ దగ్గర ముక్క చెక్కింది. నేను పక్కనే ఉన్నాను.

"బజారు కాయకి చూసుకో. నా చేత్తో పెంచిన దానికి ఈ పరీక్షలేంటి? అవమానంగా ఉంది నాకు," అన్నాను.

"అలవాటండీ, అంతే. మిమ్మల్ని ఎవరేమన్నారు?"

"అయితే మానేయ్."

చెక్కిన ముక్కని నోట్లో వేసుకోకుండా మిగతా ముక్కలతో పాటే గిన్నెలో వేసింది. మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, కనీసం నా ఎదుట. కావాలంటే నేను లేనప్పుడు చూసుకుని ఉండొచ్చు. కానీ ఆమె అలాంటిది కాదు. మానేస్తానంటే మానేసేదే.

ఆమెకి షుగర్ అంచుల్లో ఉందని రిపోర్టు వచ్చింది. మందులు అప్పుడే వద్దు, తిండి చూసుకోండి, నడవండి అన్నారు. అది విన్న మర్నాటి నుంచి పొద్దున్నే సొరకాయ రసం మొదలుపెట్టాను. వంటిల్లు ఆమెది, రసం మాత్రం నాది. ఆరింటికల్లా లేచి, కాయ చెక్కు తీసి, నాలుగు పుదీనా ఆకులు, అల్లం ముక్క, మిరియాలు వేసి మిక్సీ పట్టి, వడకట్టి, నిమ్మకాయ పిండేవాడిని. ఆమెకో గ్లాసు, నాకో గ్లాసు. మొదట్లో ముఖం చిట్లించేది, పోనుపోను అలవాటు పడింది. ఆఫీసులో అందరికీ, "మా ఆయన చేసిస్తారు, కాఫీ కూడా తర్వాతే," అని చెప్పుకునేదట. అది ఆమె పోయాక, చూడటానికి వచ్చిన వాళ్ళు చెబితే తెలిసింది.

మూడో ఏడు విత్తనం బయట కొనలేదు. మా తీగ మీదే ఒక కాయని ముదరనిచ్చి, ఎండబెట్టి, గింజలు తీసి బూడిద రాసి దాచాను. నా విత్తనం, నా మట్టి, నా వేపనూనె అని గ్రూపులో గొప్పలు పోయాను. అంతకు ముందు ఏడు, ఇనుప కమాను మీదకి అందంగా ఉంటుందని పొడుగు మెడ బుర్రకాయ తీగ ఒకటి పాకించాను. అది తినే రకం కాదు, ఎండబెట్టి అలంకారానికి పెట్టుకునేది. విత్తనాలు పంచుకునే చోట ఎవరో ఇచ్చారు. రెండు తీగలూ పక్కపక్కనే పూశాయి. మందు లేని తోట కాబట్టి తేనెటీగలు గుంపులుగా వచ్చేవి. వాటిని వీడియో తీసి అందరికీ పంపాను.

ఆ వేసవిలో దాచిన గింజలు నాటాను. తీగ బలంగా లేచింది. మూడు కాయలు నిలబడ్డాయి, మూడూ సంచుల్లోనే పెరిగాయి. మంగళవారం తొలి సొరకాయ కోసి వాచ్‌మన్ భార్య చేతిలో పెట్టాను.

"అనిగెపుకాయ మంచిగ లేతగున్నది సార్," అని కొంగులో చుట్టుకుని వెళ్ళింది.

బుధవారం ఆఫీసుకి వెళ్తుంటే మెట్లు కడుగుతూ కనిపించింది. కూర ఎలా కుదిరిందని అడిగాను. గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండా, "మంచిగున్నది సార్, పిల్లలు గూడ తిన్నరు," అంది. నేను ఈల వేసుకుంటూ కారెక్కాను.

గురువారం పొద్దున రెండో కాయ కోశాను. నీలం మీద తెల్ల చుక్కల సంచిలోది. ఆ రోజు ఆరున్నరకే నాకు ఆఫీసు కాల్ ఉంది. గబగబా రసం చేసి, ఆమె గ్లాసు ఆమెకిచ్చి, నాది తర్వాత తాగుదామని ఫ్రిజ్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆమె స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఒక గుక్క తాగింది.

"ఏవండీ, ఇవాళ చేదుగా ఉందండీ."

నా చెవులకి హెడ్‌ఫోన్లు. ఒక పక్క తీసి, "చేదైతే షుగర్‌కి ఇంకా మంచిది. మన తోటదే కదా. ఊపిరి బిగబట్టి తాగేయ్," అన్నాను. అనేసి మళ్ళీ పెట్టుకున్నాను.

ఆమె తాగేసింది. గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు వినిపించింది. నేను స్క్రీన్ మీద ఎవరిదో తప్పు చూపిస్తూ ఉన్నాను.

అరగంట కాలేదు, బాత్రూంలో వాంతి. ఒకటి, రెండు, ఆగకుండా. కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. పడలేదేమో, నిమ్మరసం ఇస్తానని నేను వంటింట్లోకి పరిగెత్తి తిరిగొచ్చేసరికి వాంతిలో ఎరుపు కనిపించింది. వాచ్‌మన్ గేటు తీస్తే కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. దారంతా చల్లటి చెమటలు. "ఆఫీసుకి ఫోన్ చేయండి, సెలవు చెప్పండి," అంది. ఆమె నాతో తెలివిగా మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఎమర్జెన్సీలో ఒక కుర్ర డాక్టరు, పొద్దుట్నుంచి ఏం తీసుకున్నారని అడిగాడు. చెప్పాను. అతను రాస్తున్నవాడు ఆగాడు.

"చేదుగా ఉందన్నారా?"

"అంది."

"చేదు సొరకాయ విషమండీ. ముఖ్యంగా రసం. ఒక్క గుక్క చేదు తగిలినా ఉమ్మేయాలి. దీనికి విరుగుడు మందంటూ లేదు, శరీరం తట్టుకునేదాకా మేం నిలబెట్టాలి అంతే." అలా అని, "ఇంకెవరైనా తాగారా? ఆ కాయ ఇంకెవరైనా తిన్నారా?" అని అడిగాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అదే తీగ కాయ సెల్లార్‌లో ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇచ్చాను. వెంటనే వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. భార్య ఎత్తింది.

"మంగళవారం ఇచ్చిన సొరకాయ... పిల్లలెలా ఉన్నారు? ఎవరికైనా వాంతులు గానీ..."

"మాకేం గాలేదు సార్. అమ్మకెట్లున్నది? మేం పరేషాన్ల ఉన్నం."

"నువ్వు ఆ కాయ వండావా లేదా?"

"లే సార్. కోసి జర నాలుకకు పెట్టి చూసిన. విషం లెక్క చేదున్నది. పారేసిన."

పిల్లలు బతికిపోయారని ఒక్క ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే నోటి వెంట మాట వచ్చేసింది. "మరి నిన్న అడిగితే బాగుందన్నావు కదమ్మా?"

"మీరు మనసుతోని ఇచ్చిన్రు సార్. చేదున్నదంటే మీకు కోపమొస్తదని... ఇంతకు ముందు వంకాయల కాడ గట్లనే అయిందిగద సార్. అందుకే చెప్పలే." ఆగి, చిన్నగా అడిగింది. "అమ్మ గూడ అదే తిన్నదా సార్?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చుని, ఆ రోజు వంకాయల గురించి ఆమెతో నేనన్న ప్రతి మాటా గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కటీ మర్చిపోలేదు.

మధ్యాహ్నానికి మా అమ్మాయి బెంగళూరు నుంచి విమానంలో వచ్చింది. అద్దంలోంచి వాళ్ళ అమ్మని చూసింది. విషయం చెప్పాను. దాచలేదు. అది నన్ను తిట్టలేదు, అరవలేదు. "అమ్మ కాకరకాయ కూడా తినదు కదా నాన్నా," అంది. "చేదు తగిలితే నీళ్ళు తాగి పడుకునేది. గ్లాసుడు ఎలా తాగింది?"

నేను తాగమన్నాను కాబట్టి. దానికి తెలుసు.

బీపీ నిలబడలేదు. శనివారం మధ్యాహ్నం పోయింది. యాభై కూడా నిండలేదు.

పదకొండో రోజు దాకా ఇల్లంతా జనం. ఆయుష్షు అంతే, రాత అంతే అన్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అత్తగారు కూడా. ఆవిడ వంటింట్లో కూర్చుని వచ్చినవాళ్ళకి బీరకాయ తరుగుతూ, తొడిమ దగ్గర ముక్క చెక్కి నోట్లో వేసుకుంటే చూడలేక బయటికి వచ్చేశాను. తోటల గ్రూపు పెద్దాయన కూడా వచ్చాడు. బుర్రకాయ తీగ పక్కన పూసిన సొరకి గింజ తీయకూడదండీ, చేదు దిగుతుంది అన్నాడు. ఎండ ఎక్కువైనా ఒక్కోసారి వస్తుందన్నాడు. ఏది కారణమో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆమెకి ఉపయోగం లేదు. ఈగ వాలకుండా, పురుగు ముట్టకుండా, ఆమె చీర చుట్టి మరీ కాపాడి పెంచాను దాన్ని.

జనమంతా వెళ్ళిపోయాక ఒక సాయంత్రం తలుపు తీస్తే వాచ్‌మన్ భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. నన్ను చూసి లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నేను ఒక్క మాట చెప్తే అమ్మ బతుకుతుండె సార్. పాపం నాకే తగులుతది."

"నీ తప్పు లేదమ్మా," అన్నాను. "నిన్ను చెప్పనీయకుండా చేసింది నేను. ఆమెనీ అంతే. తప్పంతా నాది."

"గట్లనకుండ్రి సార్. మీరు ఆమె మంచికే చేసిన్రు."

ఎంత చెప్పినా వినలేదు. జీవితంలో మొదటిసారి నా తప్పు నేను ఒప్పుకుంటే, నమ్మే మనిషి దొరకలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, బకెట్ తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నేను ఎదురొస్తే పక్కకి తప్పుకుంటుంది.

ఆమె వెళ్ళాక మిద్దె మీదకి వెళ్ళాను. పదిహేను రోజులకి పైగా నీళ్ళు లేవు. టమాటా వాలిపోయింది, చిక్కుడుకి మళ్ళీ పేనుబంక పట్టింది, బంతి మాత్రం పూసి ఉంది. సొరతీగ ఆకులు ఎండి చప్పుడు చేస్తున్నాయి. పందిరి మీద మూడో కాయ అలాగే వేలాడుతోంది, ఆవపువ్వు రంగు సంచిలో. నాడా విప్పాను. ఆ ముడి మా ఆవిడ వేసిందే, రెండు సార్లు చుట్టి ఒక కొస వదిలేది. కాయ నున్నగా, మచ్చ లేకుండా ఉంది. నా తోటలో అంత అందమైన కాయ ఇంకోటి కాయలేదు.

సంచి మడిచి జేబులో పెట్టుకున్నాను. మడి అంచు మీద కాయని పెట్టి, ఆకులు కోసే కత్తితో తొడిమ దగ్గర చిన్న ముక్క చెక్కాను. ఆమె చెక్కినట్టే, గోరంత. పుదీనా లేదు, అల్లం లేదు, నిమ్మకాయ లేదు. నాలుక మీద పెట్టుకున్నాను.

ఒక్క క్షణం కూడా ఆగలేకపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంపు దగ్గరకి పరిగెత్తి నోరు పుక్కిలించి పుక్కిలించి ఉమ్మాను. అయినా నాలుక మీద చేదు పోలేదు. తడి గట్టు మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాను.

గోరంత ముక్కని నేను ఉమ్మేశాను. ఆమె గ్లాసు మొత్తం తాగింది, కడిగి బోర్లించింది కూడా.